చద్దరు మీది వరుస

సోమవారం పొద్దున ఆరున్నరకే రాధాకుమారి నోట్లో రెండు గుండుసూదులు పెట్టుకుని మహేశ్వరి చుట్టూ తిరుగుతోంది. మహేశ్వరి వేసుకున్నది అన్న సాగర్ పాత ఖాకీ చొక్కా. దాని భుజాలు మోచేతుల దాకా జారుతున్నాయి.

"కదలకు మహీ. నీకు గుచ్చుకుంటే మీ అన్న నన్నంటాడు."

"మా అన్న నిన్నంటడా వదినా? నిన్న నువ్వు ఉప్పు రెండుసార్లేసిన పప్పు మూడుసార్లు పెట్టించుకొని తిన్నడు."

రాధాకుమారి నవ్వు ఆపుకోలేక సూదులు చేతిలోకి తీసుకుంది. ఆమె పెళ్లయి నెలా పదిహేను రోజులు. ఆమెది వర్ని దగ్గరి ఊరు. ఎప్పుడో తాతల నాడు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలాలు చేసుకున్న కుటుంబం. బీకాం చదివింది. బాన్సువాడలోని ఈ రెండు గదుల కిరాయి ఇంట్లో ఆమెకు ప్రతిదీ సంబరమే. కుక్కర్ కూత వేస్తే సంబరం. దండెం మీద బట్టలు మధ్యాహ్నానికే ఆరిపోతే సంబరం. ఎరువుల దుకాణం నుంచి మొగుడు ఫోన్ చేసి "తిన్నవా?" అని అడిగితే, తిన్నా సరే, తినలేదని చెప్పి ఇంకాసేపు మాట్లాడటం అన్నిటికంటే పెద్ద సంబరం. ఇప్పుడు ఆడపడుచు మెకానిక్ పని నేర్చుకోబోతోందంటే, ఇల్లంతా తనే బండి నడుపుతున్నట్టు తిరుగుతోంది.

మహేశ్వరికి మాత్రం లోపల బుగులుగా ఉంది.

ఆమె ఇంటర్ మొదటి సంవత్సరం. తీసుకున్నది ఒకేషనల్‌లో ఆటోమొబైల్ కోర్సు. పుస్తకం చదివితే చాలదు, చలికాలంలో కొన్ని వారాలు ఏదైనా షెడ్డులో పని నేర్చుకోవాలి. షెడ్డు యజమాని "ఈమెను నేర్చుకోవడానికి పెట్టుకున్నాను" అని కాలేజీ ఫారం మీద దస్కతు చేయాలి. తరగతిలో మగపిల్లలందరికీ వారంలోనే దొరికాయి. మహేశ్వరిని చూసి మూడు షెడ్డుల వాళ్లు కాదన్నారు. ఒకాయన మర్యాదగానే, "ఈడ ఆడపిల్లకు జాగ లేదు బిడ్డా" అన్నాడు. ఇంకొకాయన టీ తాగించి మరీ కాదన్నాడు.

నాలుగో ఆయన గౌస్ పాషా. పిట్లం పోయే రోడ్డు మీద ట్రాక్టర్ల షెడ్డు. ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు. "ఒక్క వారం రా. శనివారం చెప్త" అన్నాడు.

శనివారం సాయంత్రం ఐదింటికి కాలేజీ నుంచి షెడ్డులు దొరికినవాళ్ల లిస్టు పై ఆఫీసుకు పోతుంది. అప్పటికి దస్కతు లేకపోతే ఆమెను ఆఫీసు పనుల కోర్సులోకి మార్చక తప్పదని లెక్చరర్ దయానంద్ సార్ ముందే చెప్పాడు. ఆ కోర్సు చెడ్డదేం కాదు. కానీ మహేశ్వరికి చిన్నప్పటి నుంచి చెవిలోనే బండ్లుండేవి. పిట్లం దగ్గరి వాళ్ల ఊళ్లో, మంచం మీద పడుకునే వచ్చేది ఏ బస్సో, పాలబండో, ఎవరి ట్రాక్టరో చెప్పేది. "గీ పోరికి కండ్లు చెవులల్ల ఉన్నయి" అనేవాడు నాయన. ఆ చెవులు తీసుకుపోయి టైపు మిషను ముందు కూర్చోబెట్టాలంటే ఆమెకు మనసు రావడం లేదు.

"అయిపోయింది" అంది రాధాకుమారి, దారం కొరికి. "ఎంత బాగుందో చూడు! గోళ్లకు రంగు కూడా వేద్దామా?"

"మెకానిక్ షెడ్డుకు పోతున్న వదినా, పేరంటానికి కాదు."

అంటూనే చేతులు చాపింది. గోళ్లకు లేత గులాబీ రంగు పడ్డాకే ఇంట్లోంచి కదిలింది.

* * *

గౌస్ పాషాకు అరవై దాటాయి. కళ్లజోడుకు ఒకవైపు కాడ విరిగితే దాని జాగాలో రాగి తీగె కట్టుకున్నాడు. మాట తక్కువ. ఆమెను చూడగానే అన్న మొదటి మాట, "షెడ్డుల ఉస్తాద్ అను. ఇంట్ల చాచా అను. రెండూ కలపకు."

ఆ ఇల్లు షెడ్డు వెనకే ఉంది. ఆయన భార్య రహీమున్నిసా గుమ్మంలో నిలబడి మహేశ్వరిని పైనుంచి కిందికి చూసి, ఎవరూ అడగని ప్రశ్నకు తనే జవాబు చెప్పింది. "ఎనుక తలుపు ఏసుండదు బిడ్డా. బాత్రూముకు అడుగుడు లేదు, వచ్చుడే. ఆ మూడు షెడ్డులోళ్లకు పెండ్లాలు లేరా, ఇండ్లు లేవా?"

మొదటి రెండు రోజులు ఉస్తాద్ ఏ పనీ చెప్పలేదు. పానాలు అందించమన్నాడు, అంతే. అదీ ఉర్దూ లెక్కల్లో. "బారా-తేరా." "చౌదా-పంద్రా." మంగళవారం సాయంత్రానికి ఆయన నోరు తెరిచేలోపే ఆమె చేతిలో పానా ఉండేది. ఆయన ఒకసారి కళ్లజోడు పైనుంచి చూశాడు. ఆ చూపును ఆమె రాత్రి అన్నం తింటూ వదినకు మూడుసార్లు చేసి చూపించింది.

బుధవారం హన్మంతు ట్రాక్టర్ వచ్చింది. హన్మంతు జుక్కల్ వైపు నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద భూమి కౌలుకు చేస్తాడు. బండి నల్లగా పొగ కక్కుతోంది, లాగడం లేదు.

"పాషా భాయ్, కాలువకు నీళ్లు ఇడిచిండ్రు. ఇనుప కేజ్‌వీల్స్ ఎక్కించి నాట్లకు కరిగెట దున్నాలె. శనారం దాక ఇయ్యాలె నువ్వు."

"ఇస్త" అన్నాడు గౌస్ పాషా. వెంటనే లోపలికి పోయి ఒక మడత తెచ్చాడు.

అది చద్దరు. ఒకప్పుడు దాని మీద పువ్వులు ఉండేవని తెలుస్తోంది గాని ఏ రంగువో తెలియదు. దాన్ని నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇనుప ముక్కలు పెట్టాడు. ఇంజన్ విప్పుతూ ఒక్కొక్క సామానూ దాని మీద ఎడమ నుంచి కుడికి పేర్చుకుంటూ పోయాడు. ఏది ముందు ఊడితే అది ముందు. మొదటి సిలిండర్‌వి ఒకచోట, రెండోవి దాని పక్కన, మూడోవి ఆ చివర. కాగితం లేదు, గుర్తు లేదు, నంబరు లేదు. చద్దరు మీది జాగానే దాని నంబరు.

"దీన్ని దాటకు. తొక్కకు. మా కోళ్లు రాకుంట చూడు" అన్నాడు ఉస్తాద్.

టీ తెచ్చిన రహీమున్నిసా చద్దరు వైపు చూసి నిట్టూర్చింది. "నా పెండ్లి చద్దర్ బిడ్డా అది. నిఖా అయి నెల కాలే, ఇంజన్ కింద పరిచిండు. ముప్పై నాలుగేండ్లాయె. ఇప్పుడు అతుకులే ఉన్నయి, చద్దర్ లేదు."

"కొత్తది కొనిస్తనన్న గద" అన్నాడు గౌస్ పాషా, తల ఎత్తకుండా.

"కొనియ్యి. అదీ ఇంజన్ కిందికే పోతది."

గురువారమంతా ఆయన వాల్వులు రుద్దాడు. ఇంజన్ పైభాగంలో ఆరు వాల్వులుంటాయి. గాలి లోపలికి తీసుకునే పెద్దవి మూడు, పొగ బయటికి వదిలే చిన్నవి మూడు. చూడటానికి పుట్టగొడుగుల్లా ఉంటాయి. ఒక్కొక్కటీ తన గుండ్రటి సీటులో సందు లేకుండా కూర్చోవాలి. కూర్చోకపోతే ఇంజన్‌కు దమ్ము ఉండదు. అందుకని గరుకు పేస్టు పూసి, రబ్బరు మూతి ఉన్న కర్రతో వాల్వును పట్టి, రెండు అరచేతుల మధ్య కర్రను అటూ ఇటూ తిప్పుతూ వాల్వునూ సీటునూ ఒకదానికొకటి అరగదీయాలి. ఏ సీటులో రుద్దిన వాల్వు ఆ సీటుకే. గౌస్ పాషా తిప్పుతుంటే మజ్జిగ కవ్వంలా కనిపించింది మహేశ్వరికి. సాయంత్రానికి ఆరూ అయ్యాయి. వాటిని మళ్లీ చద్దరు మీద ఎవరి జాగాలో వాళ్లను కూర్చోబెట్టినట్టు పెట్టి నడుము పట్టుకుని లేచాడు.

* * *

శుక్రవారం పొద్దున ఆయన ఇంజన్ అతుకు మధ్య వేసే గ్యాస్కెట్ కోసం బోధన్ పోయాడు. జుమ్మా నమాజు చేసుకుని మూడింటి లోపల వస్తానన్నాడు. షెడ్డులో మహేశ్వరి, చద్దరు, దూరంగా రెండు కోళ్లు. వారంలో మొదటిసారి ఆమెకు షెడ్డు మొత్తం అప్పజెప్పినట్టు అనిపించింది.

పదకొండింటికి దయానంద్ సార్ ఫోన్ చేశాడు. "మూడింటికి వస్తున్న మహేశ్వరీ. ఫారం తెస్త. నువ్వు పనిచేసే జాగ ఒక ఫొటో తీసుకోవాలె."

పన్నెండింటికి వడ్ల లారీ ఒకటి అడ్డదిడ్డంగా తిరిగి, రోడ్డు దుమ్మంతా షెడ్డులోకి పోసి పోయింది. చద్దరు మీది సామానంతా పిండి చల్లినట్టయింది. పేస్టు అంటి ఉన్న వాల్వులైతే మరీ అధ్వానం.

పన్నెండున్నరకు టిఫిన్ డబ్బాతో రాధాకుమారి వచ్చింది. వస్తూనే ఖాకీ చొక్కాలో ఆడపడుచును చూసి మురిసిపోయి, చద్దరు పక్కన నిలబెట్టి ఫోన్‌లో ఫొటో తీసింది. తర్వాత కిందికి చూసింది.

"ఏంటి మహీ ఇంత మట్టి? మీ సార్ వచ్చి చూస్తే ఏమనుకుంటారు?"

కాలేజీలో ప్రాక్టికల్ పరీక్ష ముందు రోజు సామానంతా కిరోసిన్‌లో కడిగి, బల్ల మీద ఒకే రకానివన్నీ ఒకచోట అందంగా పేర్చడం మహేశ్వరికి అలవాటు. పోయినసారి ఆమె బల్ల చూసి సార్ అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా. గౌస్ పాషా దాటొద్దన్నాడు, తొక్కొద్దన్నాడు. కడగొద్దని చెప్పలేదు. ముప్పై నాలుగేళ్లలో ఆ షెడ్డులో ఎవరూ తమంతట తాము ఏదీ కడగలేదు కాబట్టి, అది చెప్పాల్సిన మాట అని ఆయనకు తట్టలేదు.

"కడుగుదమా వదినా?"

"కడుగుదాం!" అంది రాధాకుమారి, గాజులు పైకి తోసుకుంటూ.

అరగంటలో వాల్వులు, స్ప్రింగులు, వాటిని పట్టి ఉంచే చిన్న చిన్న తాళాలు అన్నీ కొత్త స్టీలు గిన్నెల్లా తళతళలాడాయి. చద్దరును కూడా బయట దులిపి మళ్లీ పరిచారు. ధనుర్మాసం కదా, వాళ్ల వీధిలో ఏ వాకిలి చూసినా ముగ్గే. రాధాకుమారి చేతికి ఆరు స్ప్రింగులు రాగానే అవి చుక్కల్లా కనిపించాయి. చుక్కల చుట్టూ పెద్ద వాల్వులు మూడు రేకుల్లా, వాటి సందుల్లో చిన్నవి మూడు. పువ్వు తయారైంది. ఇద్దరూ వెనక్కి జరిగి చూసుకున్నారు. ఇంజన్‌లో ఇంత అందం ఉందని రాధాకుమారికి ఇప్పటిదాకా తెలియదు.

"ఇదెక్కడ కూర్చుంటుంది? చూపించవూ" అంది, ఒక పెద్ద వాల్వు తీసి.

మహేశ్వరి గర్వంగా అందుకుని బల్ల మీదున్న ఇంజన్ పైభాగం దగ్గరికి పోయింది. మొదటి సీటు మీదికి వాల్వు వంచి, ఆగిపోయింది. రెండో సీటు వైపు చూసింది. మూడో దాని వైపు చూసింది.

"ఏమైంది?"

"ఇది ఏ సిలిండర్‌దో తెలుస్తలేదు వదినా."

"మూడూ ఒకేలా ఉన్నాయిగా. ఏదైతే ఏం?"

"ఒక్క తీరుగ లేవు. ఉస్తాద్ నిన్నంత రుద్దిండు. దేనిది దానికే."

రాధాకుమారి మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. గబగబా ఫోన్ తీసింది. ఇందాక తీసిన ఫొటోలో చద్దరు ఉంది, వరుస కూడా ఉంది. వేళ్లతో పెద్దది చేసి చూశారు. దుమ్ము కప్పుకున్న మూడు పెద్ద వాల్వులు, మూడు చిన్నవి. ఏది ఎక్కడుందో తెలుస్తోంది గాని, ఇప్పుడు చేతిలో ఉన్నది వాటిలో ఏదో ఆ ఫొటో చెప్పలేదు.

"నా వల్లే" అంది రాధాకుమారి. కళ్లు నిండాయి.

"నువ్వు వాల్వు అంటే ఏందో ఇయ్యాల్నే చూసినవ్. చదువుకున్నదాన్ని నేను. నేనే కడిగిన."

పువ్వును చెరిపి, మహేశ్వరి వాటిని మళ్లీ వరుసలో పెట్టింది. పెద్దవి మూడింటిని ఆరు రకాలుగా పెట్టొచ్చు. చిన్నవాటినీ ఆరు రకాలుగా. మొత్తం ముప్పై ఆరు. అందులో నిజమైన వరుస ఒక్కటే. ఆమె పెట్టింది మాత్రం చూడటానికి గౌస్ పాషా పెట్టినట్టే ఉంది. ఇంకా శుభ్రంగా కూడా ఉంది.

రెండూ యాభైకి రోడ్డు మలుపులో మోపెడ్ చప్పుడు వినబడింది. అది ఉస్తాద్‌దని మనిషి కనబడక ముందే ఆమెకు తెలిసింది. దాని వెనకే ఇంకో బండి. అది దయానంద్ సార్‌ది.

గౌస్ పాషా గ్యాస్కెట్ బల్ల మీద పెట్టి, చద్దరు వైపు చూసి ఆగాడు.

"సాఫ్ జేసినవా?"

"జేసిన ఉస్తాద్."

"మంచిగున్నయి."

దయానంద్ సార్ ఫొటో తీసుకున్నాడు, ఫారం తీశాడు. "పాషా భాయ్, పిల్ల ఎట్లున్నది? మీరు సరే అంటే రేపటిదాక ఎందుకు, ఇప్పుడే పెట్టుండ్రి."

గౌస్ పాషా చేయి తుడుచుకుని, కళ్లజోడు సరిచేసుకుని, సార్ ఇచ్చిన కలం అందుకున్నాడు. ఫారం మోకాలి మీద పెట్టుకున్నాడు. రాధాకుమారి ఆడపడుచు వైపు చూసింది. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు, అయిపోతుంది. ఆ తర్వాత ఆదివారం హన్మంతు బండి మళ్లీ పొగ కక్కుతుంది, ఉస్తాద్ తన చేతి పని మీద తనే అనుమానపడి మొదటి నుంచి విప్పుకుంటాడు. మహేశ్వరికి అది కళ్లకు కట్టింది.

"ఉస్తాద్, దస్కతు పెట్టకుండ్రి."

ఉస్తాద్, సార్ ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"కడిగేటప్పుడు వాల్వులన్నీ కలిపేసిన. ఇప్పుడున్న వరుస నేను ఊహించి పెట్టింది. మీ వరుస కాదు."

గౌస్ పాషా కలానికి మూత పెట్టాడు. దాన్ని తీసుకుపోయి దయానంద్ సార్ జేబులో ఆయనే గుచ్చాడు.

"ఎన్ని కలిసినయి?"

"ఆరూ."

"సార్, మీ లిస్టు ఎన్నింటికి పోతది?"

"రేపు ఐదింటికి పాషా భాయ్. అది దాటితే నా చేతుల లేదు."

"అయితే రేపు ఐదింటికి మాట్లాడుకుందం." మహేశ్వరి వైపు చూడకుండానే అన్నాడు. "పొద్దుగాల ఏడింటికి రా. గోర్లు కత్తిరించుకొని రా."

* * *

ఆ రాత్రి గులాబీ రంగు గోళ్లను రాధాకుమారే కత్తిరించింది. ఒక్కొక్కటి తీస్తుంటే, "రమ్మన్నాడంటే పొమ్మనలేదనేగా" అంది. సాగర్ పక్కన కూర్చుని, రాలిన ముక్కలు ఏరుతూ, "మెకానిక్ అవుతవని వేలకు వేలు పెట్టి చదివిస్తలేం, సర్కారు కాలేజే. బుగులు పడకు" అన్నాడు. ఓదార్పు అనుకునే అన్నాడు. రాధాకుమారి మోచేత్తో పొడిచింది. మహేశ్వరికి చాలాసేపటి తర్వాత నవ్వొచ్చింది.

శనివారం ఏడింటికి చలి ఇంకా వదల్లేదు. గౌస్ పాషా ఇంజన్ పైభాగాన్ని బల్ల మీద సరిచేసి, పేస్టు డబ్బా, కర్ర ఆమె ముందు పెట్టాడు.

"ఇయ్యాల ఏ వాల్వు ఏ సీటుల రుద్దితే దానికి అదే ఇల్లు. ఆరూ నువ్వే రుద్దాలె. నేను అంటుకోను."

మొదటి వాల్వు రుద్దేసరికే అరచేతులు మండాయి. కర్ర జారుతుంది, రబ్బరు ఊడుతుంది. ఉస్తాద్ అటు తిరిగి వేరే పని చేసుకుంటున్నాడు. చూడటం లేదు. కానీ ఆమె చేయి ఆగగానే, "ఇంక గరుకున్నది" అంటాడు. చూడకుండా ఎలా తెలుస్తోందో ఆమెకు రెండో వాల్వు సగంలో అర్థమైంది. ఆయన వింటున్నాడు. పేస్టు కొత్తగా ఉన్నప్పుడు ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు గర్రుమంటుంది. వాల్వూ సీటూ కలిసిపోతున్న కొద్దీ ఆ చప్పుడు పలచబడి, చివరికి పట్టుబట్ట మడతపెట్టినట్టు వినబడుతుంది. అది తెలిశాక ఆమె కళ్లు మూసుకుంది. ఇది తనకు వచ్చిన విద్యే. ఊళ్లో మంచం మీద పడుకుని చేసిన పనే.

మూడో వాల్వుకు ఆయన ఏమీ అనలేదు. నాలుగోదానికీ అనలేదు.

పదకొండింటికి హన్మంతు వచ్చాడు. "ఏంది పాషా భాయ్, బండి ఇంక ఇప్పేసే ఉన్నది? ఇయ్యాల ఇస్తనంటివి గద!"

"రేపు మాపటికి ఇస్త. నా షెడ్డుల తప్పయింది, పని మల్ల మొదటికొచ్చింది."

నా షెడ్డులో అన్నాడు. ఎవరి చేతులో చెప్పలేదు. మహేశ్వరి తల దించుకుని కర్ర తిప్పుతూనే ఉంది.

హన్మంతు ఆమెను అప్పుడే చూశాడు. "ఆడపిల్లను పెట్టుకున్నవా? అందుకే గిట్లాయె. రేపు నా ఇంజన్ల ముగ్గేస్తదేమో!"

గుమ్మంలో ఉన్న రహీమున్నిసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిన్న ఆమె కిటికీలోంచి పువ్వంతా చూసింది. రాత్రే మొగుడికి చెప్పింది కూడా. గౌస్ పాషా పెదవులు ఒక పక్కకు పోయాయి. ఈ వారంలో ఆయన నవ్వు చూడటం మహేశ్వరికి అదే మొదలు.

"ఏసింది" అన్నాడు. "మంచిగనే ఉండెనంట. కూసో హన్మంతు, చాయ్ తాగు."

మూడున్నరకు ఆరో వాల్వు అయింది. అన్నిటినీ కడిగి, ఈసారి ఒక్కొక్కటే తీసి, ఒక్కొక్కటే తుడిచి, దాని సీటులోనే పెట్టింది. ఇక పరీక్ష. వాల్వుల వెనక ఉన్న సందుల్లో కిరోసిన్ పోస్తారు. సీటులో సరిగ్గా కూర్చుంటే చుక్క బయటికి రాదు. డబ్బా హన్మంతే పట్టుకున్నాడు. పొద్దున్నుంచి కూర్చుని కూర్చుని ఆయనకూ పట్టుదల వచ్చింది. అప్పటికి దయానంద్ సార్ వచ్చాడు, టిఫిన్ డబ్బా సాకుతో రాధాకుమారీ వచ్చింది.

ఐదు వాల్వులకు చుక్క లేదు. మొదటి వాల్వు అంచున సన్నగా తడి కనిపించింది. అందరూ చూస్తుండగానే అది చుక్కై రాలింది.

పొద్దున చప్పుడు సంగతి తెలియక ముందు రుద్దింది అదే.

"నాలుగున్నరాయె" అన్నాడు దయానంద్ సార్, గడియారం చూసుకుని. "పాషా భాయ్, ఒక్కదాంట్ల చుక్కే గద..."

గౌస్ పాషా సార్ వైపు చూడలేదు, ఆమె వైపు చూశాడు. మహేశ్వరి అప్పటికే పేస్టు డబ్బా మూత తీస్తోంది.

కళ్లు మూసుకుని తిప్పింది. గర్రుమని మొదలైంది. హన్మంతు ఏదో అనబోతే రహీమున్నిసా, "చుప్" అంది. రాధాకుమారి ఫోన్ మోగింది. సాగరే అయి ఉంటాడు. పెళ్లయ్యాక మొదటిసారి ఆమె ఆయన ఫోన్ కట్ చేసింది. అరచేతుల మధ్య చప్పుడు పలచబడింది, ఇంకా పలచబడింది. మహేశ్వరి ఆపబోయి, ఆపలేదు. ఇంకో పది తిప్పులు తిప్పింది. అప్పుడు ఆగింది.

"ఇగ చాలు" అన్నారు ఇద్దరూ ఒకేసారి, ఆమే, గౌస్ పాషా.

కిరోసిన్ పోశారు. అంచు పొడిగా ఉంది. ఎదురుచూశారు. పొడిగానే ఉంది. హన్మంతు వంగి వేలితో తడిమి, వేలు చూసుకుని, "లేదు సార్, చుక్క లేదు" అని తనే ప్రకటించాడు.

ఐదుకు ఎనిమిది నిమిషాలు తక్కువ. గౌస్ పాషా చేతులు నల్లగా, మహేశ్వరి చేతులు ఇంకా నల్లగా ఉన్నాయి. ఫారం పాడవుతుందని రాధాకుమారి దాన్ని తన రెండు చేతుల మీద పళ్లెంలా పట్టుకుంది. గౌస్ పాషా దస్కతు చేశాడు. ఎంత జాగ్రత్త పడ్డా మూలకు బొటనవేలి ముద్ర ఒకటి నల్లగా పడింది. దయానంద్ సార్ దాన్ని తుడవబోయి మానుకుని, అక్కడే నిలబడి ఫొటో తీసి పంపించాడు.

రాధాకుమారి వెంటనే సాగర్‌కు ఫోన్ చేసింది. "వినండీ, కిరోసిన్ కారలేదండీ!" అంది. అటు నుంచి ఆయన ఏం అర్థం చేసుకున్నాడో గాని, ఈమె మాత్రం పకపకా నవ్వింది.

* * *

ఆదివారం మధ్యాహ్నానికి చద్దరు ఖాళీ అయింది. దాని మీది వస్తువులన్నీ ఒక్కొక్కటిగా ఇంజన్‌లోకి పోయాయి. హన్మంతు స్టార్టు చేశాడు. ఒక్కసారి తెల్లటి పొగ వచ్చి, ఆగి, ఇంజన్ గొంతు సవరించుకున్నట్టు అయి అందుకుంది. మహేశ్వరి కళ్లు మూసుకుని విన్నది. మూడు సిలిండర్లూ ఒకే దమ్ముతో ఉన్నాయి.

"ముగ్గు మంచిగనే ఏసినవ్ బిడ్డా" అన్నాడు హన్మంతు సీటు మీదినుంచి. పొలం దిక్కు బండి తిప్పాడు.

చప్పుడు మలుపు దాటిపోయేదాకా ఉండి, గౌస్ పాషా వంగి చద్దరు మూలలు రెండు పట్టుకున్నాడు. అలవాటుగా ఇంటి గుమ్మం వైపు చూశాడు. ప్రతిసారీ అవతలి మూలలు పట్టేది రహీమున్నిసానే. ఆమె అక్కడే గుమ్మానికి ఆనుకుని ఉంది, కదల్లేదు.

"ముప్పై నాలుగేండ్ల నుంచి ఆ మూలలు నాయే" అంది. "ఇగ నా నడుము వంగుతలేదు. మహేశ్వరీ, నువ్వు పట్టు."

మహేశ్వరి వంగి పట్టుకుంది. ఇద్దరూ దులిపారు. సన్నటి ఇనుప పొడి ఎండలో లేచి మెరిసి పడిపోయింది. మడవడానికి ఒకరి వైపు ఒకరు నడిచారు. ఆమె చేతిలోని మూలలు కొంచెం వంకరగా వచ్చాయి.

"మూలకు మూల కలవాలె" అన్నాడు గౌస్ పాషా. ఆమె సరిచేసింది. ఆయన మడతను ఆమె చేతుల్లోనే వదిలేశాడు.

"సోమవారం ఒక ట్రాలీ ఆటో వస్తది. చద్దరు నువ్వే పరవాలె."